పదకొండు పట్టీల బండి

శాంతి బస్సులో ఇంటికొచ్చి కూర్చున్న ముప్పావు గంటకి గాని సుందరరావు ట్రక్కు వీధి మలుపు తిరగలేదు.

ఊరంతా చూసింది. చూడక చస్తుందా! పొద్దున్న ఎనిమిదింటికి పాస్టరు జాన్ గారు ముందు చక్రం మీద చెయ్యి వేసి మరీ ప్రార్థన చేసి పంపిన బండి అది. కాట్రేనికోనలో శాంతి చెల్లెలింటికి వెళ్లి, భోంచేసి రావడం, అంతే. ఆ మాత్రం ప్రయాణం సవ్యంగా సాగితే వచ్చే నెలలో లడఖ్. సాగలేదు. అమలాపురం బస్టాండు దగ్గర శాంతి “ఆపండి” అంది. దిగింది. తలుపైనా వెయ్యకుండా వెళ్లి ఊరికి తిరిగెళ్లే కొత్తపేట బస్సెక్కేసింది.

మిలటరీ వేలంలో తెచ్చిన, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ ట్రక్కుని ఏడాదిన్నర కష్టపడి ఇల్లుగా మార్చిన మొగుణ్ణి, భార్య అలా నడిబజార్లో వదిలేసి పోతే ఎలా ఉంటుందో సుందరరావుకి ఆ ముప్పావు గంటలో బాగా తెలిసొచ్చింది.

అరుగు మీద తల్లి పాపాయమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎనభై నాలుగేళ్లు. చెవులు మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లవి.

“వచ్చేవా? మీ ఆవిడ నడుముకి కాపడం పెట్టుకుంటోంది.”

“ఏమందమ్మా?”

“నీతో ఏమీ అనొద్దంది.”

సుందరరావు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. శాంతి మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. గుమ్మంలో భర్త నీడ పడగానే గొంతు పెంచింది.

“అత్తయ్యగారూ! మీ అబ్బాయికి చెప్పండి. ఆ బండిలో నేను మళ్లీ కాలు పెట్టను.”

“విన్నావా?” అరుగు మీంచి కేకేసింది పాపాయమ్మ.

“విన్నానమ్మా. ఎందుకో కూడా చెప్పమను.”

“ఎందుకా! కొత్తపేట నుంచి అమలాపురం దాకా నేను సీటు మీద కూర్చున్నది తక్కువ, గాల్లో ఉన్నది ఎక్కువ అని చెప్పండి. ముప్పయ్యారేళ్లు బళ్లో నిలబడి పాఠాలు చెప్పిన నడుం ఇది. ఉన్న నాలుగు పూసలూ ఆ ముమ్మిడివరం గేటు దాకా వెళ్లకుండానే రాలిపోయేయి.”

“అది కొండలెక్కే బండి. కారులా ఎలా ఉంటుంది?”

“కొండ ఎక్కాలంటే ముందు కొండ దాకా వెళ్లాలి కదండీ! మూడు వేల కిలోమీటర్లు ఎవరు కూర్చుంటారు అందులో?”

అనేశాక గుర్తొచ్చింది శాంతికి, తను ఆయనతో మాట్లాడ్డం లేదని. దుప్పటి తలమీదికి లాక్కుంది.

సుందరరావుకి ఆ మాట ములుకులా దిగింది. ఎందుకంటే లడఖ్ ఆయన కోరిక కాదు. పెళ్లైన కొత్తలో శాంతి ఒక పత్రికలో మంచుకొండల కింద నీలం చెరువు బొమ్మ చూసి, “ఇలాంటి చోటికి తీసుకెళ్తారా?” అని అడిగింది. తీసుకెళ్తానన్నాడు. ఆ తర్వాత ఒమన్ వెళ్లాడు, ఇరవై రెండేళ్లు అక్కడే ఉన్నాడు. మొన్న జూన్‌లో ఆవిడ రిటైరయ్యేనాటికి ఈ బండి తయారు చేసి వాకిట్లో నిలబెట్టాడు. ఆవిడ రాకపోతే ఈ బండి దేనికి?

పెరట్లోకి వెళ్లేసరికి ట్రక్కు కింద నుంచి రెండు కాళ్లు కనపడ్డాయి. కూతురు హేమవి. కాకినాడలో ఇంజినీరింగు చదివి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసి, రెండేళ్లుగా తండ్రి మరమ్మతు షెడ్డులోనే పనిచేస్తోంది. గ్రీజు చేతులతో పైకి పాకొచ్చింది.

“నాన్నా, వెనక కమానులో ఇనప పట్టీలు ఎన్ని?”

“తొమ్మిది.”

“పదకొండున్నాయి.”

“రెండు నేనే ఎక్కువ వేయించేను. నువ్వు విశాఖపట్నం వెళ్లినప్పుడు, మండపేటలో.”

“ఎందుకూ?”

ఎందుకంటే ఏం చెబుతాడు? కొత్త లారీ కొన్నవాడు ఇంటికి తీసుకురాకముందే మండపేట తోలి పట్టీలు పెంచుతాడు. కంపెనీవాడు వేసినవి మన ధాన్యం బస్తాలకి చాలవని వాళ్ల తాతల నాటి నమ్మకం. ఎంత బరువేసినా వెనక భాగం కుంగకుండా నిలబడ్డ లారీని రోడ్డు పక్క టీకొట్లో వాళ్లు లేచి చూస్తారు. సుందరరావు తండ్రి ఆ లారీలకి బస్తాలెత్తిన మనిషి. కుంగని బండి అంటే ఆ ఇంట్లో ఒక గౌరవం. అందుకే చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది.

“బండి కుంగకూడదని,” అన్నాడు.

“ధాన్యం వేస్తామా ఇందులో?”

“వెనక కట్టిన పెట్టె బరువు లేదా? రెండు మంచాలు, పొయ్యి, బీరువా, మూడొందల లీటర్ల నీళ్లు.”

“అన్నీ కలిపినా ఈ బండి మొయ్యగలిగిన దాంట్లో సగం లేదు నాన్నా. పైన బరువు లేకపోతే పట్టీ వంగదు. పట్టీ వంగకపోతే గతుకు తిన్నగా సీటుకే తగుల్తుంది. అమ్మ బియ్యం బస్తా కాదు.”

అరుగు మీంచి పాపాయమ్మ కిసుక్కున నవ్వింది. అంత దూరం ఎలా వినపడిందో!

“మూడు తీసేద్దాం,” అంది హేమ. “రోడ్డు మీద మెత్తగా ఉంటుంది. రాళ్ల మీద కూడా ఇదే నయం. గట్టి పట్టీలుంటే ఒక చక్రం రాయెక్కగానే రెండోది గాల్లోకి లేస్తుంది. గాల్లో తిరిగే చక్రం ఏం లాగుతుంది?”

“ఒమన్‌లో ఏళ్ల తరబడి ఆ రాళ్లలోనే ఉన్నవాణ్ని. నాకు చెబుతావా? ఒక్క పట్టీ కూడా తియ్యడానికి వీల్లేదు.”

హేమ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం తల్లి దగ్గర నేర్చుకుంది. ఆ సంగతి సుందరరావు అప్పుడే గ్రహించి ఉండాల్సింది.

మర్నాడు ఆదివారం. తలనొప్పని హేమ చర్చికి రాలేదు. ఆరాధన అయ్యాక పదిమందీ చుట్టూ చేరి “ప్రయాణం ఎలా జరిగిందండీ?” అని అడిగితే సుందరరావు “బ్రహ్మాండం” అన్నాడు. ఆడవాళ్ల వరసలో శాంతి బైబిలు సంచిలో పెట్టుకుంటూ ఇటు చూడనే లేదు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో గోనెపట్టా మీద మూడేసి చొప్పున, రెండువైపులవీ కలిపి ఆరు పట్టీలు వరసగా పడుకుని ఉన్నాయి. షెడ్డులో పనిచేసే దొరబాబు ఆయన్ని చూస్తూనే జాకీ పట్టుకుని కొబ్బరిచెట్ల వెనక్కి తప్పుకున్నాడు.

“నన్నడక్కుండానా?”

“అడిగితే వద్దన్నారుగా నాన్నా.”

“వద్దంటే వద్దనే! ఇది నా బండి. రేపు ఇది వెనక్కి కూలబడి నడుస్తుంటే నేను ఊళ్లో తలెత్తుకోగలనా?”

“మీరు తలెత్తుకోడానికి కట్టేరా, అమ్మని తీసుకెళ్లడానికి కట్టేరా?”

అంత మాట ఆ పిల్ల ఎప్పుడూ అనలేదు. సుందరరావు తాళం లాక్కుని బండెక్కాడు. ఇది పనికిరాదని తేల్చి చూపిద్దామనే కాలవ గట్టు రోడ్డు మీద రావులపాలెం వైపు తోలాడు. గతుకులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒంటికి తెలియడం లేదు. ఒప్పుకోబుద్ధి కాలేదు. మొదటి పెద్ద మలుపులో మాత్రం పెట్టె మొత్తం ఒకవైపు ఒరిగింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“చూసేవా?” వాకిట్లో దిగుతూనే అన్నాడు. “మలుపులో పడవలా ఒరుగుతోంది. ఘాట్ రోడ్డులో మీ అమ్మ లోయలో ఉంటుంది.”

“తెలుసు. అందుకే ఇది.” హేమ షెడ్డులోంచి లావుపాటి వంపు రాడ్డు తెచ్చి నేలమీద పెట్టింది. “రెండు చక్రాలకీ కలిపి అడ్డంగా బిగిస్తాను. మలుపులో ఒరగనివ్వదు.”

“రాళ్ల మీద? ఆ రాడ్డు రెండు చక్రాల్నీ పట్టేసి ఉంచుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్లనివ్వదు. నువ్వు పట్టీలు తీసి సాధించింది ఇక్కడ పోతుంది.”

ఆ చిక్కు దగ్గరే నిన్నటి నుంచీ ఆగిపోయింది హేమ.

గెలిచానని లోపలికి వెళ్లిపోవచ్చు సుందరరావు. వెళ్లలేకపోయాడు. పని ముందు కూర్చుంటే కోపం నిలబడదు ఆయనకి. లాల్చీ విప్పి, వెల్లకిలా బండి కిందికి దూరాడు. రాడ్డు ఎక్కడ కూర్చుంటుందో తడిమి చూశాడు.

“హేమా, ఇలా రా. ఈ చివర బోల్టు వద్దు, పిన్ను పెట్టు. చేత్తో లాగితే వచ్చేలా. రోడ్డు మీద ఉన్నంతసేపూ రాడ్డు పట్టుకుని ఉంటుంది. రాళ్లొచ్చేయా, దిగి పిన్ను లాగెయ్యి. చక్రాలకి గాలి కూడా సగానికి దించుకో. దాటేక మళ్లీ ఎక్కించుకుంటావు.”

హేమ పక్కన పడుకుని ఆ చోటు వేళ్లతో కొలిచింది.

“నాన్నా! ఇది నాకెందుకు తట్టలేదు?”

“నువ్వు పుస్తకంలో చదివేవు. నేను కింద పడుకుని చూసేను.”

అని నాలిక్కరుచుకున్నాడు.

ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అదొక్కటే. ఒమన్‌లో రాళ్ల లోయల్లో ఇరుక్కున్న బళ్లని బయటికి తెచ్చే కంపెనీలో పనిచేశాడన్నది నిజం. నడిపాడన్నది అబద్ధం. స్టీరింగు ఎప్పుడూ ఇంకొకరిది. సుందరరావు పని బండి కింద దూరి బాగుచెయ్యడం, బండి ముందు నిలబడి చేతులతో దారి చూపించడం. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు చావిట్లో ఎవరో “నువ్వే నడుపుతావా సుందరం?” అని అడిగారు. అవునన్నాడు. బస్తాలెత్తినవాడి కొడుకు విదేశాల్లో బండి నడుపుతున్నాడంటే తండ్రి మొహంలో వచ్చిన కళ చూసి, ఇక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాడు.

నాలుగు రోజులు తండ్రీకూతుళ్లు తిండి కూడా షెడ్డులోనే తిన్నారు. శాంతి పలకలేదు. కాని టీ గ్లాసులు వేళకి వచ్చేవి. మూడో రోజున గ్లాసు పట్టుకుని తనే వచ్చింది. రాడ్డునీ పిన్నునీ చూసింది. హేమ పిన్ను ఒకసారి లాగి, మళ్లీ పెట్టి చూపించింది.

“ఎవరి బుర్ర?”

“రాడ్డు నాది, పిన్ను నాన్నది.”

శాంతి ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్న హేమ తల్లి ముందు నిలబడింది. “అమ్మా, వాడపల్లి దగ్గర బంగారరాజు గారి తోట దాకా. ఇరవై కిలోమీటర్లు. నచ్చకపోతే బస్సుంది.”

“బస్సు వేళలు నాకు తెలుసు,” అంది శాంతి. చీర మార్చుకుని వచ్చి, నడుముకి బెల్టు బిగించుకుని, తలుపు పక్క సీట్లో కూర్చుంది. మధ్యలో హేమ.

రావులపాలెం దాటేదాకా సుందరరావుకి అటు చూసే ధైర్యం లేకపోయింది. ప్రతి గతుక్కీ ఆయన భుజాలే బిగుసుకున్నాయి. లొల్ల దాటాక హేమ మోచేత్తో పొడిచింది. తిరిగి చూశాడు.

శాంతి తల అద్దానికి ఆనించి నిద్రపోతోంది.

ఆ క్షణాన ఆయనకి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పక్కనే వెళ్తున్న ఆటోవాణ్ని ఆపి చూపించాలనిపించింది. కూతురు తలమీద చెయ్యి వేసి, “నీ పట్టీలే గెలిచేయే తల్లీ,” అని గుసగుసగా అన్నాడు. హేమ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత పదిహేను నిమిషాల్లో రావాల్సిన తోటకి ఆయన అరగంట చేశాడు.

బంగారరాజు గోదావరి గట్టు పనులు చేసే కాంట్రాక్టరు. వరద గట్టుకి తెచ్చిన నల్లరాళ్లు మిగిలిపోయి ఆయన తోట చివర గుట్టగా పడి ఉన్నాయి. కోనసీమలో నేలంతా అరచెయ్యిలా ఉంటుంది, రాళ్లెక్కే బండిని పరీక్షించాలంటే ఆ గుట్టే దిక్కు. బంగారరాజు పనివాళ్లతో సహా కుర్చీలేయించుకుని కూర్చున్నాడు.

“ఆయ్, రండి సుందర్రావు గారూ! ఒమను లోయల్లో నడిపిన చెయ్యి ఇన్నాళ్లకి చూస్తున్నామండి. మావాళ్లంతా పని మానేసి మరీ వచ్చేరు.”

హేమ దిగి పిన్ను లాగింది, చక్రాలకి గాలి దించింది. సుందరరావు స్టీరింగు పట్టుకుని గుట్ట వైపు చూశాడు. ఏ చక్రం ఏ రాయి మీద పడాలో అంతా తెలుస్తోంది. కింద నిలబడితే ఎవరికైనా చెప్పగలడు. కాని పాదం కింద పెడలుకి ఆ సంగతి తెలియదు. పక్కన శాంతి కూర్చుని ఉంది, ఇంకా నిద్ర మొహంతో. తప్పుగా ఎక్కిస్తే దొర్లేది ఆవిడ.

ఇంజను ఆపేశాడు.

“ఏమైందండీ?” అని బంగారరాజు లేచి వచ్చాడు.

“నేను నడపలేను రాజుగారూ,” అన్నాడు సుందరరావు. “ఒమన్‌లో నేను నడపలేదండి. ఒక్క రోజు కూడా. ముందు నిలబడి చెయ్యి చూపించేవాణ్ని. నడిపేనని ఊరికే చెప్పేను.”

పనివాళ్లు మొహాలు చూసుకున్నారు. బంగారరాజు కండువా సర్దుకున్నాడు. హేమ చేతిలో పిన్ను అలాగే ఉండిపోయింది.

శాంతి తలుపు తీసుకుని దిగింది. సుందరరావు కళ్లు మూసుకున్నాడు. వెళ్లిపోతోంది, ఈసారి బస్సెక్కితే ఇక అంతే.

ఆవిడ బండి చుట్టూ తిరిగి ఇటు వచ్చి, ఆయన వైపు తలుపు తెరిచింది.

“జరగండి. కాదు, దిగండి.”

“శాంతీ?”

“దిగి ముందుకెళ్లి నిలబడండి. చెయ్యి చూపించడం వచ్చన్నారుగా.”

“అమ్మా, నువ్వా?” అంది హేమ. అని వెంటనే తనే తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, అమ్మ పదకొండేళ్లు ముక్తేశ్వరం రేవులో కారుని గోదావరి దాటించే పంటు మీదికి ఎక్కించింది. వానలో, బురదలో, రెండు పలకల మీద. మీరు సెలవుకొచ్చేసరికి బడికీ సెలవులు. మీరు ఒక్కసారీ చూళ్లేదు.”

నిజమే, చూడలేదు. గోదావరి అవతల బళ్లో పనిచేస్తోందని తెలుసు. ఎలా వెళ్లేదో అడగలేదు.

శాంతి సీటు ముందుకి జరుపుకుంది. హేమ చిన్న గేరు కర్ర చూపించింది, అది వేస్తే బండి మనిషి నడకకన్నా మెల్లగా పాకుతుందని చెప్పింది. “యాక్సిలరేటరు తొక్కక్కర్లేదమ్మా.” “పలకల మీద ఎవరు తొక్కుతారే?” అంది శాంతి.

సుందరరావు గుట్ట ముందు నిలబడి చేతులెత్తాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ చేతులకి వాటి పని దొరికింది. కుడికి, ఇంకొంచెం, చాలు, రా. ముందు చక్రం మొదటి రాయిని పట్టుకుంది. ఇంజను ఒకే గొంతుతో మూలుగుతోంది. ఎడమ చక్రం మోకాలెత్తు లేచింది, కుడిది గుంటలోకి దిగింది, వెనక పట్టీలు ఎటు కావాలంటే అటు వంగుతున్నాయి. నాలుగు చక్రాలూ రాళ్లని వదల్లేదు. అద్దం వెనక శాంతి కళ్లు ఆయన వేళ్ల మీదే ఉన్నాయి. పక్కకి చూడలేదు, కంగారు పడలేదు. పిడికిలి బిగిస్తే ఆపింది, విప్పితే కదిలింది.

ట్రక్కు గుట్ట పైకెక్కి నిలబడింది. పనివాళ్లు ఈలలు వేశారు. బంగారరాజు “అమ్మో అమ్మో, అమ్మగారూ!” అని చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

ఈ మనిషినా నేను బియ్యం బస్తాలా తోలింది, అనుకున్నాడు సుందరరావు. ఆ ఎత్తున స్టీరింగు ముందు కూర్చున్న శాంతిని చూస్తుంటే, ఈవిడ నా భార్య అని అక్కడున్న ప్రతివాడికీ పేరుపేరునా చెప్పాలనిపించింది.

“ఏవండీ!” కిటికీలోంచి తల బయటికి పెట్టింది శాంతి. “ఇక్కణ్ణించి నాకు రాళ్లు కనపడ్డం లేదు. ఎదర ఆకాశమే కనపడుతోంది.”

“అవును. దిగేటప్పుడు అంతే. ఎక్కడం కంటే దిగడమే కష్టం.”

“ఇరవై రెండేళ్లూ ఈ పనేనా చేసింది?”

“ఈ పనే.”

“ఒక్క బండైనా బోల్తా పడిందా?”

“నా చేతి కింద ఒక్క బండీ పడలేదు శాంతీ.”

ఆ మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదని అప్పుడు స్ఫురించింది ఆయనకి. నడిపేనని చెప్పుకున్న ఏ రోజూ ఛాతీ ఇంత పొంగలేదు.

శాంతి నవ్వలేదు.

“నాతో అబద్ధం చెప్పిన సంగతి ఇంటికెళ్లాక మాట్లాడతాను. అది వేరు. లడఖ్ సంగతి మాత్రం ఇక్కడే తేల్చుకుంటాను.”

“చెప్పు.”

“అవతలివైపుకి నన్ను దించండి. మీ చెయ్యొక్కటే చూస్తాను. దిగేలోపల భయమేసి ఒక్కసారి బ్రేకు తొక్కేనా, నేను రాను. మళ్లీ నన్ను అడగొద్దు.”

“అమ్మా, మొదటిసారే...” అని హేమ ముందుకి రాబోయింది. సుందరరావు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

గుట్ట చుట్టూ తిరిగి అవతలివైపుకి వెళ్లాడు. అక్కడ రాళ్లు ఎక్కిన వైపుకన్నా నిటారుగా ఉన్నాయి, రెండు మూడు కదులుతున్నాయి కూడా. ప్రతిదాన్నీ కాలితో తొక్కి చూసుకున్నాడు. పది అడుగులు వెనక్కి వేసి, చెమట పట్టిన అరచేతులు పంచెకి తుడుచుకుని, రెండు చేతులూ ఆవిడకి కనపడేంత ఎత్తుకి లేపాడు.

పైన హ్యాండుబ్రేకు వదిలిన చప్పుడు వినిపించింది. ముందు చక్రాలు అంచు దాటాయి.